పేను ఎగరదు, దూకదు



ఇది వింటూ ఉంటే మీకు తల దురద పుడుతుంది. ముందే చెప్పేస్తున్నాను. పేల మాట ఎత్తితే చాలు, పేలు లేనివాళ్ల చెయ్యి కూడా తల మీదికి పోతుంది. ఈ ప్రసంగం రాస్తూ నేనే నాలుగైదుసార్లు కలం పక్కన పెట్టాను. కాబట్టి మొహమాటపడకండి. హాయిగా గోక్కుంటూ వినండి.

ముందుగా ఒక్క మాట. మధ్యలో కుక్కరు కూత పెట్టినా, వాకిట్లో కూరగాయల బండి వచ్చినా, ఈ ఒక్క మాట వినేసి లేవండి. పేను ఎగరదు. పేను దూకదు. పేను నడుస్తుంది. అంతే.

దానికి రెక్కలు లేవు. మిడతలా గెంతే కాళ్లూ లేవు. ఉన్నవి ఆరు పొట్టి కాళ్లు. ఒక్కో కాలి చివర కొక్కెంలాంటి గోరు. ఆ కొక్కెం మనిషి వెంట్రుకను పట్టుకోవడానికే కొలిచి చేసినట్టు ఉంటుంది. నున్నటి గచ్చు మీద వదిలితే పేను తడబడుతుంది. అదే వెంట్రుక మీద పెట్టండి, కొబ్బరిచెట్టు ఎక్కే మనిషిలా చకచకా పాకుతుంది. ఎంత వేగం? బాగా పరుగెత్తితే నిమిషానికి ఒక జానెడు. నువ్వుగింజంత ప్రాణికి అది తక్కువ వేగమేమీ కాదు. కానీ జానెడు నడిచే ప్రాణి ఒక తల మీంచి ఇంకో తల మీదికి రావాలంటే ఏం కావాలి? వంతెన కావాలి. ఈ తల వెంట్రుక ఆ తల వెంట్రుకకు తగలాలి. తలకి తల ఆనాలి. పేలు అంటుకునేది ప్రధానంగా ఇలాగే.

తలకి తల ఎప్పుడు ఆనుతుందో ఒకసారి మీ ఇల్లు తలుచుకోండి. వేసవి సెలవులకు అమ్మమ్మగారింట్లో పిల్లలందరికీ ఒకే బొంత పరిచి పడుకోబెడతాం. కథ చెబుతుంటే నలుగురూ ఒకే దిండు మీదికి చేరతారు. బళ్లో ఇద్దరు స్నేహితురాళ్లు చెవిలో రహస్యం చెప్పుకుంటారు. పెళ్లివారింట్లో రాత్రి ఆడవాళ్లంతా హాల్లో చాపలు పరుచుకుని, తెల్లారేదాకా కబుర్లాడుతూ ఒకరి పక్కన ఒకరు ఒరిగిపోతారు. ఇప్పుడు కొత్తగా ఇంకోటి వచ్చింది. ఒకే ఫోను, దాని మీద నాలుగు తలలు. నేను మా వీధి అరుగు మీద రోజూ చూస్తున్నాను. ఒకప్పుడు అష్టాచెమ్మా చుట్టూ కూర్చున్నా తలలు ఇంత దగ్గరగా వచ్చేవి కావు.

గమనించారా? వీటిలో ఒక్కటి కూడా మురికికి సంబంధించింది కాదు. అన్నీ చనువుకు సంబంధించినవే. పేను చనువున్న దారిలోనే నడుస్తుంది. అందుకే అది పిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువ. వాళ్లు దగ్గర దగ్గరగా కూర్చుంటారు, దగ్గర దగ్గరగా పడుకుంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను చాలా ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. ఒక ఏడాది ఏడో తరగతిలో ఒక పాప ఉండేది. చురుకైన పిల్ల. పాఠం మధ్యలో కూడా రెండు చేతులతో తల గోక్కునేది. పక్కనున్న పిల్లలు నా దగ్గరికొచ్చి, "టీచర్, దానికి పేలున్నాయి టీచర్, మేం దాని పక్కన కూర్చోం" అన్నారు. నేను ఏం చేశానంటే, ఆ పాపను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. నాలుగురోజులు వచ్చింది. తర్వాత మానేసింది. వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "వారానికి రెండుసార్లు తలంటుతున్నానండీ టీచరుగారూ, కుంకుడుకాయలు దంచి మరీ పోస్తున్నాను. ఎందుకు పోవట్లేదో తెలియట్లేదండీ" అంది. నేను శుభ్రత గురించి నాలుగు మాటలు చెప్పి పంపించాను. జీవశాస్త్రం టీచర్ని. సిగ్గుచేటు.

ఎందుకు సిగ్గుచేటో చెబుతాను. పేనుకు శుభ్రమైన తలా, మాసిన తలా అన్న తేడా లేదు. దానికి కావలసింది రక్తం, వెచ్చదనం, పట్టుకోవడానికి వెంట్రుక. ఈ మూడూ తలంటుకున్న తలలోనూ ఉంటాయి. తల మీద ఎన్ని చెంబులు పోసినా అది కొట్టుకుపోదు. వెంట్రుకను కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. నీళ్లలో మునిగినా కొన్ని గంటలపాటు బతకగలదు. ఈతకొలనులో వేసే క్లోరినుకు కూడా చావదు. ఆ తల్లి దంచిన కుంకుడుకాయల్లో లోపమేమీ లేదు.

రెండో సంగతి. ఇది చాలామందికి తెలియదు, జాగ్రత్తగా వినండి. దురద పేను ఎక్కగానే మొదలవదు. పేను కుట్టినప్పుడు దాని లాలాజలం మన చర్మంలోకి వెళుతుంది. మన ఒంటికి అది పడదు. ఆ పడకపోవడమే దురద. మొదటిసారి పేలు పట్టినవాళ్లకు ఆ దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే నెల దాటిపోవచ్చు. అదే ఇదివరకు ఒకసారి పట్టినవాళ్లకైతే ఒకటి రెండు రోజుల్లోనే దురద పుట్టవచ్చు. ఇప్పుడు మా ఏడో తరగతి పాప సంగతి ఆలోచించండి. క్లాసులో అందరికంటే ముందు గోక్కున్నది ఆ పాప. అయితే అందరికంటే ముందు పేలు పట్టింది కూడా ఆ పాపకేనా? ఏమో! పక్కవాళ్ల తలల్లో నెల నుంచీ ఉండి ఉండవచ్చు, వాళ్లకింకా దురద మొదలై ఉండకపోవచ్చు. వాళ్ల తల నుంచే ఈ పాపకు వచ్చి ఉండవచ్చు. ముందు గోక్కున్నవాళ్లు దొంగలూ కాదు, గోక్కోనివాళ్లు దొరలూ కాదు. ఆ తర్వాత నెల తిరక్కుండా సగం క్లాసు గోక్కుంది. ఊళ్లో పెద్దమేడ వాళ్లమ్మాయితో సహా. నాతో సహా. నా తలలో చూసి చెప్పింది మా అమ్మ. "పాఠాలు చెప్పి జీతం తెచ్చావు, పేలు కూడా తెచ్చావు" అంది.

ఆ పాప మళ్లీ బడికి వచ్చింది. నేనే వాళ్లింటికి వెళ్లి తీసుకొచ్చాను. ముందు బెంచీలోనే కూర్చోబెట్టాను. ఇవాళ పిల్లల వైద్యులు కూడా అదే అంటున్నారు. పేలున్నాయని పిల్లను బడి మాన్పించక్కర్లేదు. సాయంత్రం ఇంటికెళ్లాక మందు మొదలుపెడితే చాలు.

పేల వల్ల జబ్బులొస్తాయా అని అడుగుతారు. తలలో ఉండే పేను జబ్బులు మోసుకురాదు. గోకి గోకి పుండు పడితే అక్కడ చీము పట్టవచ్చు, అది వేరే సంగతి. జబ్బులు మోసేది దాని దాయాది, ఒంటి మీది బట్టల మడతల్లో ఉండే పేను. దాని గుట్టు తెలుసుకున్నాయన షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు. ట్యూనిస్ నగరంలో ఉండేవాడు. టైఫస్ అనే జ్వరం వచ్చిన రోగులు ఆసుపత్రి గుమ్మం దాకా అందరికీ అంటిస్తున్నారు. లోపల స్నానం చేయించి, బట్టలు మార్చాక ఎవరికీ అంటించడం లేదు. అయితే జబ్బు బట్టల్లోనే ఉండాలి కదా, అని ఆయన అనుమానం. 1909లో అది పేను పనేనని తేల్చాడు. 1928లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పేను పేరు చెప్పుకుని నోబెల్ తెచ్చుకున్నాడన్నమాట.

ఇంకో అపవాదు కూడా పాపం ఈ తలపేను మీద మన తెలుగువాళ్లమే వేశాం. తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోతే పేనుకొరుకుడు అంటాం. పేను కొరికి ఊడిందనుకుంటాం. కాదు. అది మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేస్తే వచ్చే జబ్బు. పేనుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా. పేరు మాత్రం అలా అతుక్కుపోయింది. చర్మవైద్యుడికి చూపించాల్సిన జబ్బు అది, పేలమందుతో పోదు.

సరే, పేలు రాకుండా ఏం చేయాలి? మళ్లీ మొదటి మాటకే వద్దాం. ఎగరదు, దూకదు, నడుస్తుంది. కాబట్టి వంతెన లేకుండా చూడాలి. జుట్టు విరబోసుకుంటే వంతెనలు వందలు. బిగించి జడ వేస్తే తక్కువ. బళ్లో రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టమనేవాళ్లం చూడండి, అది ఊరికే చాదస్తం కాదు. హాస్టల్లో పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు మంచాల మధ్య కాస్త ఎడం ఉంచండి. చోటు చాలకపోతే ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. వార్డెనమ్మలు వింటుంటే ఇది మీకే చెబుతున్నాను.

అలాగని పిల్లల్ని ఒకరికొకరిని దూరం పెట్టమని నేను చెప్పను. పిల్లలన్నాక తలలు కలుపుతారు. కలపనివ్వండి. పేలు వస్తే తీసుకుందాం.

దువ్వెనలు, తువ్వాళ్లు, దిండ్ల సంగతి? వీటి వల్ల కూడా రావచ్చు, కానీ చాలా తక్కువ. ఎందుకంటే తల దిగిన పేనుకు తిండి లేదు, వెచ్చదనం లేదు. ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. అయినా ఎవరి దువ్వెన వాళ్లకుంటే మంచిదే. బైకు టాక్సీ ఎక్కితే వాళ్లిచ్చే హెల్మెట్ గురించి మా పక్కింటమ్మాయి తెగ భయపడుతుంది. నేనేమంటానంటే, భయంగా ఉంటే తలకు ఒక చేతిరుమాలు కట్టుకో, కానీ హెల్మెట్ మాత్రం పెట్టుకో. పేలకు మందుంది, పగిలిన తలకు లేదు.

కుక్క నుంచీ, పిల్లి నుంచీ ఈ పేలు రావు. పాపం వాటినేమీ అనకండి. ఇల్లంతా పురుగుల మందు కొట్టడం కూడా వద్దు.

వారానికోసారి తల చూడటం, అదీ అసలైన కాపలా. ఒకప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు రైలుపెట్టెల్లా కూర్చుని పేలు చూసుకునేవాళ్లు. రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి టప్పున కుక్కేవాళ్లు. ఆ చప్పుడు విన్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఇప్పుడు ఆ అరుగులూ లేవు, ఆ తీరికా లేదు. ఆదివారం తలంటుకు ముందు పది నిమిషాలు చాలు. ఎండలో, లేదా మంచి దీపం కింద కూర్చోబెట్టండి. చెవుల వెనక చూడండి. మెడ పైన, జుట్టు మొదలయ్యే చోట చూడండి. పేను వెలుగు పడగానే పారిపోతుంది, దొరకదు. దాని గుడ్లు దొరుకుతాయి. ఈపులంటారు కొందరు, ఈళ్లంటారు కొందరు. చుండ్రు అయితే ఊదితే రాలుతుంది. ఈపి రాలదు. వెంట్రుకకు జిగురుతో అంటించినట్టు ఉంటుంది. గోటితో పట్టి లాగితే గాని రాదు. అది కుదురుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. పావు అంగుళం లోపల ఉంటే కొత్తది. అంతకంటే పైకి ఉంటే చాలావరకు అది పిల్ల బయటికి వెళ్లిపోయిన ఖాళీ పెంకు. వెంట్రుక పెరిగేకొద్దీ పెంకు కూడా పైకి పోతుంది. పెంకును చూసి కంగారుపడి మందు పొయ్యకండి. కదిలే పేను కనిపిస్తేనే మందు.

ఎలా పట్టుకోవాలి? దువ్వెనతో. జుట్టు తడిపి, కండిషనరో, కొబ్బరినూనో పట్టించి, ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత సన్నపళ్ల పేల దువ్వెన కుదుళ్ల నుంచి కొసల దాకా లాగండి. లాగినప్పుడల్లా తెల్లగుడ్డ మీద తుడిచి చూడండి. మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలపాటు. ఓపిక కావాలి. మందు లేకుండా ఓపికతోనే గెలిచినవాళ్లు ఉన్నారు.

దువ్వెన అన్నాను కాబట్టి ఒక ముచ్చట. బైబిల్ చదివేవాళ్లకు లాకీషు అనే పట్టణం పేరు తెలిసే ఉంటుంది. ఇజ్రాయెల్‌లో ఆ పాత పట్టణాన్ని తవ్వుతుంటే 2016లో ఒక చిన్న దువ్వెన దొరికింది. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఏనుగు దంతంతో చేసింది. సుమారు 3,700 ఏళ్ల నాటిదని అంచనా. దానికి రెండు వైపులా పళ్లు. ఒక వైపు వెడల్పు పళ్లు చిక్కు తీయడానికి, ఇంకో వైపు సన్నపళ్లు పేలు తీయడానికి. మన తిరునాళ్లలో అమ్మే కర్ర దువ్వెన ఎలా ఉంటుందో అచ్చం అలాగే! కొన్నేళ్ల తర్వాత దాని మీద సన్నగా గీసిన అక్షరాలు కనిపించాయి. 2022లో చదివి చెప్పారు. జుట్టులోంచి, గడ్డంలోంచి పేలు వదిలిపోవాలని ఆ దువ్వెన మీద కోరుకున్నారట. కనాను లిపి అనే ఆ అక్షరాలతో రాసిన పూర్తి వాక్యాల్లో మనకు దొరికిన అతి పాతది ఇదేనంటున్నారు. అక్షరం నేర్చిన మనిషి రాసి దాచిపెట్టిన మాట, పేల గోల! ఇంకో సంగతి. ఆ ప్రాంతంలో ఏనుగులు లేవు. దంతం బయటి నుంచి తెప్పించి ఉండాలి. అంటే ఆ దువ్వెన వాడింది కలిగినవాళ్లే. వాళ్ల తలలోనూ పేలున్నాయి. దువ్వెన పంటి మీద పేను ఆనవాళ్లు కూడా దొరికాయి మరి.

ఇక మందు. మందుల షాపులో పెర్మెత్రిన్ ఒక శాతం ఉన్న లోషన్ అడగండి. కంపెనీ పేరు రేడియోలో చెప్పకూడదు, చెప్పను. అదే మందు ఐదు శాతం ఉన్నది గజ్జికి ఇస్తారు, అది కాదు. ఒక శాతం. ముందు మామూలు షాంపూతో నూనె జిడ్డు వదిలించండి, కండిషనర్ వద్దు. తువ్వాలుతో తుడిచి, తడి జుట్టుకు మందు పట్టించండి. పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ చస్తాయనుకోవద్దు. చంటిపిల్లలకైతే, గర్భిణులకైతే డాక్టర్ని అడిగాకే. కొన్నిచోట్ల పేలు ఈ మందుకు లొంగడం లేదు. రెండుసార్లు సరిగ్గా వాడినా పోకపోతే డాక్టర్ దగ్గర వేరే మందులున్నాయి. మందు వేసిన రోజే ఇంట్లో అందరి తలలూ చూడండి. పేలున్న వాళ్లందరికీ అదే రోజు వేయండి. దువ్వెనలు వేడినీళ్లలో నానబెట్టండి. మందుకు ముందు రెండు రోజుల్లో వాడిన దుప్పట్లు, దిండుగలేబులు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. అంతకు మించి అక్కర్లేదు.

అక్కర్లేనివి కాదు, అసలు చేయకూడనివి మూడున్నాయి. కిరోసిన్ పొయ్యకండి. చర్మం కాలుతుంది, పక్కన పొయ్యి ఉంటే ప్రాణమే పోతుంది. పొలానికి కొట్టే పురుగుమందు తల మీదికి తేకండి. అది మాడు చర్మం గుండా రక్తంలోకి వెళుతుంది. మూడోది సీతాఫలం గింజలు. మా అత్తగారు కూడా వీటిని నూరి పట్టించేవారు. మహబూబ్‌నగర్ వైపు సీతాఫలాలకు లోటు లేదు కాబట్టి అక్కడివాళ్లు మరీ జాగ్రత్తగా వినండి. ఆ గింజల పొడి పేలను చంపుతుంది, నిజమే. కానీ తల కడిగేటప్పుడు కంట్లోకి జారిందంటే కంటిపాప మీది పొర పుండు పడుతుంది. భరించలేని నొప్పి. ఇలాంటి కళ్లతో ఆసుపత్రులకు వచ్చేవాళ్లను మన దేశంలో కంటి వైద్యులు చూస్తూనే ఉన్నారు. పండు తినండి. గింజలు పారేయండి. పొడి కంట్లో పడితే కంటిని ధారగా మంచినీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చివరిది, అందరూ మరిచిపోయేది. మందు పేలను చంపుతుంది. గుడ్లన్నిటినీ చంపదు. మిగిలిన గుడ్లు వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే రెండోసారి మందు వేయాలి. తొమ్మిదో రోజున. మళ్లీ చెబుతున్నాను, తొమ్మిదో రోజున. ఇవాళ ఆదివారం వేశారనుకోండి, వచ్చే ఆదివారం కాదు, ఆ తర్వాత వచ్చే మంగళవారం. ఒకసారి వేసి, పోయాయని సంబరపడి, మూడు వారాల తర్వాత "మళ్లీ ఎక్కడినుంచో పట్టుకొచ్చావే" అని పిల్లను తిడతాం. ఎక్కడినుంచీ పట్టుకురాలేదు. అవి అక్కడే ఉన్నాయి.

మొన్న వేసవిలో మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి వెళ్లింది. వెళ్లిన నెలకు మా అమ్మాయి ఫోను. "అమ్మా, మీ ఇంట్లోనే అంటుకున్నాయి దీనికి." "కాదే, మీ దగ్గర్నుంచే మాకు తెచ్చారు" అని నేను. అటూ ఇటూ ఓ పావుగంట అయ్యాక, ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. అదే ఆదివారం అక్కడ వాళ్లు, ఇక్కడ నేను మందు వేసుకున్నాం. రెండోసారి మరిచిపోకుండా, గోడ మీద పాలలెక్క రాసే క్యాలెండరులో ఆ మంగళవారం గడిలో పెన్సిలుతో 'పే' అని రాసి పెట్టాను. మావారు చూశారు. ఏదో బిల్లు కట్టాలి కాబోలనుకున్నారు. ఫోను చేతిలోకి తీసుకుని, "ఎవరికి పంపాలి, ఎంత పంపాలి?" అని అడిగారు.